కొయ్య నమూనా పడవ సాక్ష్యం

1766లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ హాలెండు దేశంలో ప్రయాణం చేస్తున్నాడు. గాలిపటం ఎగరవేసి మెరుపులో విద్యుత్తు ఉన్నదని నిరూపించిన ఫ్రాంక్లిన్ ఈయనే. హాలెండులో ఊరికీ ఊరికీ నడుమ కాలువలే దారులు. గట్టుమీద గుర్రం నడుస్తూ మోకుతో పడవను లాగుతుంది. గోదావరి, కృష్ణా డెల్టా కాలువలమీద కూడ చాలకాలం మనుషులు గట్టున నడుస్తూ పడవలను ఇట్లాగే లాగేవారు. ఆ రోజున తామెక్కిన పడవ మామూలుకన్న మెల్లగా సాగుతున్నట్లు ఆయనతో ప్రయాణిస్తున్న మిత్రుడు ప్రింగిల్‌కు తోచింది. కారణమేమని పడవవాణ్ణి అడిగాడు. వానలు లేక కాలువలో నీరు తగ్గిందని అతడు చెప్పాడు. పడవ అడుగు నేలకు తగులుతున్నదా అని మళ్లీ అడిగాడు. తగలటం లేదు, అయినా గుర్రానికి లాగటం కష్టమయ్యేటంతగా నీరు తగ్గిందని జవాబు వచ్చింది.

నేలకు తగలని పడవను నేల ఎట్లా అడ్డగిస్తుంది? ఇంగ్లండుకు తిరిగి వచ్చిన తరువాత ఫ్రాంక్లిన్ అక్కడి పడవవారిని విచారించాడు. లోతు తక్కువైనచోట తెడ్డు వేయటం కష్టమని అందరూ ఒప్పుకున్నారు. ఎంత కష్టమన్నచోట మాత్రం ఒకరి మాట ఒకరికి కుదరలేదు. ఆరుమైళ్లకు ఒక మైలు నష్టపోతామని కొందరు, మూడుమైళ్లకే ఒక మైలు పోతుందని మరికొందరు చెప్పారు. అనుభవజ్ఞులు ఇట్లా చెరొకమాట చెప్పినప్పుడు శాస్త్రజ్ఞుడు చేయదగిన పని ఒకటే. ఫ్రాంక్లిన్ ఒక బొమ్మపడవను సిద్ధం చేసుకున్నాడు.

ఆ ప్రయోగాన్ని ఆయన 1768 మే నెలలో తన మిత్రుడు సర్ జాన్ ప్రింగిల్‌కు వ్రాసిన జాబులో వర్ణించాడు. చిత్రిక పట్టిన పలకలతో 14 అడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతుగల తొట్టి చేయించాడు. అది కాలువ. తొట్టిలో పట్టేటంత పొడవైన మరొక పలకను నీటిలో ముంచి, కావలసిన లోతులో చిన్న చీలలతో బిగించే ఏర్పాటు చేశాడు. అది కాలువ అడుగు. దానిని పైకి కిందికి జరిపితే నీటిమట్టం మారకుండా లోతు మాత్రం మారుతుంది. పడవ పొడవు ఆరంగుళాలు, వెడల్పు రెండుంపావు, ఎత్తు ఒకటింపావు. నీటిలో అది ఒక అంగుళం మునిగి తేలేది. దాని ముక్కుకు పట్టుదారం కట్టి, దారాన్ని ఇత్తడి కప్పీ మీదుగా వేలాడదీసి, చివరను ఒక షిల్లింగు నాణెం కట్టాడు. గుర్రం చేసే పని ఇక ఆ నాణెం చేస్తుంది.

సెకండ్లు చూపే గడియారం లేనందున ఫ్రాంక్లిన్ వీలైనంత వేగంగా ఒకటినుంచి పదిదాక మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ, ఎన్ని పదులయినవో వేళ్లమీద గుర్తుంచుకున్నాడు. ఒక్కొక్క లోతుకు ఎనిమిదిసార్లు పడవను నడిపి సగటు తీశాడు. నీరు ఒకటిన్నర అంగుళాల లోతున్నప్పుడు పడవ తొట్టి చివరకు చేరటానికి 101 లెక్కలు పట్టింది. రెండంగుళాల లోతులో 89, నాలుగున్నర అంగుళాల లోతులో 79 మాత్రమే. అడుగు దగ్గరగా ఉన్నప్పుడు కాలం నాలుగింట ఒకవంతుకు పైగా పెరిగింది.

పడవ ఒక్క నిడివి ముందుకు జరిగితే, అది ఖాళీచేసిన చోటును నింపటానికి ముందున్న నీరు వెనుకకు పోవాలి. పక్కలా అడుగునా సందు ఇరుకైతే ఆ నీరు మరింత వేగంగా పోవలసివస్తుంది. ఆ వేగాన్ని సమకూర్చవలసిన భారం గుర్రంమీద పడుతుంది. పడవవాడు చెప్పిన మాట నిజమైంది. అతని మాటకు ఇప్పుడొక అంకె కూడ తోడయింది.

ఈ ప్రయోగానికి కావలసిన తొట్టి, కప్పీ, దారం ఏ హైస్కూలులోనైనా సమకూర్చుకోదగినవే. స్టాప్‌వాచి ఉన్నది గనుక వేళ్లమీద లెక్కపెట్టే శ్రమ కూడ లేదు. కాని ఫ్రాంక్లిన్ పడవ ఒక ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. ఆరంగుళాల పడవకు ఒక షిల్లింగు బరువు చాలితే, అరవై అడుగుల పడవకు ఎంత బలం కావాలి? చిన్నదానిని చూసి పెద్దదాని సంగతి అంకెలలో చెప్పవచ్చునా? చెప్పినా నమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు రావటానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

నమూనా పడవలు చేయటం మనిషికి కొత్త విద్య కాదు. ఈజిప్టులోని థీబ్స్ దగ్గర మెకెత్రే అనే అధికారి సమాధిలో 1920లో హెర్బర్ట్ విన్‌లాక్ బృందానికి అందమైన కొయ్యపడవలు దొరికాయి. అవి సుమారు నాలుగువేల ఏళ్లనాటివి. తెడ్లు, తెరచాపలు, పడవనడిపేవారి బొమ్మలతో సహా చెక్కినవి. చనిపోయినవాడు పరలోకంలో ప్రయాణించటానికి అవి పనికివస్తాయని నమ్మకం. వాటిని చేసినవారు పడవ ఎట్లా ఉంటుందో చక్కగా చూపారు. పడవ ఎట్లా నడుస్తుందో చూపవలసిన అవసరం వారికి లేదు.

17వ శతాబ్దంలో ఇంగ్లండు నౌకాదళానికి చేసిన నమూనాలు పనితనంలో వీటిని మించినవి. 1607లో ఫినియాస్ పెట్ అనే ఓడల వడ్రంగి తాను కట్టదలచిన పెద్ద యుద్ధనౌకకు నమూనా చేసి చూపాడు. మొదటి జేమ్సు రాజు ముచ్చటపడి ఓడ కట్టమన్నాడు. పని సాగుతుండగా పెట్ విరోధులు కొయ్య మంచిది కాదనీ, కట్టుబడి సరిగా లేదనీ ఫిర్యాదు చేశారు. 1609లో రాజే స్వయంగా వూలిచ్ రేవుకు వచ్చి విచారణ జరిపి పెట్ పక్షాన తీర్పు చెప్పాడు. 'ప్రిన్స్ రాయల్' అనే ఆ ఓడ 1610లో నీటికి దిగింది. ఆ వివాదంలో రెండు పక్షాలవారూ నమూనాను నీటిలో వదలి చూద్దామనలేదు. రాజుకు నచ్చటానికి నమూనా ఉపయోగపడింది. ఓడ గుణదోషాలు తేల్చటానికి ఉపయోగపడలేదు. నీటిలో వదిలినా, ఆ ఫలితానికి అర్థం చెప్పగల శాస్త్రం అప్పటికి పుట్టనేలేదు.

అట్లని చేతితో చెక్కే నమూనా వట్టి అలంకారమే అనుకోరాదు. 18వ శతాబ్దపు చివర అమెరికా ఈశాన్య తీరంలో అది ఓడకు పుట్టినిల్లయింది. న్యూబరీపోర్టులో 1794లో ఆర్లండో మెరిల్ అనే అతడు ఈ పద్ధతిని మొదలుపెట్టాడని చెబుతారు. ఓడకు కుడి ఎడమలు సమానం గనుక సగం చెక్కితే చాలును. పలుచని మెత్తటి పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, బంక పెట్టకుండా కొయ్యమేకులతో బిగిస్తారు. ఆ దిమ్మెను ఉలితో, చిత్రికతో, ఆకురాయితో, చివరకు ఉప్పుకాగితంతో ఓడ ఆకారానికి తెస్తారు. ఎక్కడ నిండుగా ఉండాలి, ఎక్కడ సన్నబడాలి అనేదానికి ముందుగా గీసిన పటం ఉండనవసరం లేదు. చెక్కేవాని కన్నే కొలత. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గతుకున్నచోట నీడ విరుగుతుంది. వేలితో తడిమితే మిట్టపల్లాలు తెలుస్తాయి. తృప్తి కలిగిన తరువాత మేకులు తీసి పలకలను విడదీస్తారు. ఒక్కొక్క పలక అంచు ఒక్కొక్క మట్టంలో ఓడ వంపును చూపుతుంది. దానిని కొలిచి, అన్ని కొలతలు హెచ్చించి, విశాలమైన గది నేలమీద అసలు పరిమాణంలో గీస్తారు. ఆ గీతలను బట్టి దూలాలు కోస్తారు.

ఇక్కడ వడ్రంగి చేతికి ఎంత జాగ్రత్త కావాలో ఒక లెక్క చెబుతుంది. అడుగుకు పావంగుళం చొప్పున, అంటే 48వ వంతు కొలతలో నమూనా చెక్కారనుకుందాం. అందులో అంగుళంలో పదహారవ వంతు తప్పు దొర్లితే, ఓడలో అది మూడంగుళాల తప్పవుతుంది.

ఈ విద్యలో ఆరితేరినవారు రోడ్ ఐలండు రాష్ట్రంలో బ్రిస్టల్ పట్టణానికి చెందిన హెరెషాఫ్ సోదరులు. తమ్ముడు నథానియల్ చెక్కిన అర నమూనాలనుంచి పుట్టిన పందెపు నౌకలు 1893నుంచి 1920దాక అమెరికా కప్పును నిలబెట్టాయి. అన్న జాన్ బాల్యంలోనే చూపు కోల్పోయాడు. ఆయన నమూనాలను వేళ్లతో తడిమి వాటి గుణాన్ని నిర్ణయించేవాడు. కన్ను లేనివాడు ఓడల కంపెనీని నడపటం చూసేవారికి వింత. కాని నమూనామీద చేయి వేసి వంపు తెలుసుకొనే పని చూపున్న వడ్రంగులు కూడ చేసేదే.

మన తీరంలో ఓడల వడ్రంగులకూ ఇటువంటి నేర్పు ఉండేది. 17వ శతాబ్దంలో నరసాపురం, 19వ శతాబ్దంలో కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవులు. శ్రీలంకలోని ట్రింకోమలీలో ఓడల నిర్మాణాధికారిగా ఉన్న జాన్ ఎడై 1834లో అచ్చయిన వ్యాసంలో కోరంగి దోనెను ప్రత్యేకంగా వర్ణించాడు. లోతులేని తీరాలకు తగినట్లు దాని అడుగు చదునుగా ఉండేది.

అయితే కంటితో, చేతితో తెలిసే గుణం ఒకటి. లాగటానికి ఎన్ని పౌండ్ల బలం కావాలన్నది వేరొకటి. తెరచాపల కాలంలో రెండవ ప్రశ్న అంత అవసరం కాలేదు. గాలి ఉచితం. ఆవిరియంత్రం వచ్చిన తరువాత పరిస్థితి మారింది. యంత్రం ఎంత శక్తిగలది కావాలి, బొగ్గు ఎంత పట్టాలి అనేవి ఓడ కట్టకముందే తేల్చుకోవాలి. మార్క్ బ్యూఫాయ్ 1793నుంచి 1798దాక లండనులోని గ్రీన్‌లండ్ డాకులో రకరకాల ఆకారాల కొయ్యదిమ్మెలను, నమూనాలను నీటిలో లాగించి ఎన్నో కొలతలు తీశాడు. స్వీడను దేశపు చాప్‌మన్ కూడ ఇటువంటి ప్రయోగాలే చేశాడు. అంకెలు పోగుపడ్డాయి. వాటిని పెద్ద ఓడకు అన్వయించే సూత్రం మాత్రం కుదరలేదు. ఫలితాలను హెచ్చవేసి చూసినవారికి అసలు ఓడతో పొంతన కనిపించలేదు. అందుచేత 19వ శతాబ్దం నడుమ ఇంజనీర్లలో చాలమందికి నమూనా ప్రయోగాలంటే పిల్లల ఆటగా కనిపించింది.

ఆ అభిప్రాయాన్ని మార్చినవాడు విలియం ఫ్రూడ్. 1810లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, ప్రఖ్యాత ఇంజనీరు బ్రూనెల్ కింద రైలుమార్గాల పని చేశాడు. 1858లో నీటికి దిగిన మహానౌక 'గ్రేట్ ఈస్టర్న్' అలలమీద ఎట్లా ఊగుతుందో పరిశీలించవలసిందని బ్రూనెల్ ఆయనను కోరాడు. ఆ పరిశీలనతో ఫ్రూడ్ దృష్టి ఓడలమీదికి మళ్లింది.

1867లో ఆయన డార్ట్ నదిలో రెండు జతల ఆకారాలను పోల్చి చూశాడు. ఒక ఆకారం పేరు 'రావెన్', అనగా మాలకాకి. దాని ముక్కు, తోక వాడిగా సన్నంగా ఉంటాయి. వాడిముక్కు ఓడే వేగంగా పోతుందని ఆనాటి పండితుల మతం. రెండవ ఆకారం పేరు 'స్వాన్', అనగా హంస. దాని కొనలు గుండ్రంగా, నిండుగా ఉంటాయి. ఒక్కొక్క ఆకారంలో 3, 6, 12 అడుగుల పొడవుగల నమూనాలు చేసి, ఆవిరిపడవ సాయంతో లాగించాడు. తక్కువ వేగంలో రావెన్‌కే నిరోధం తక్కువగా ఉన్నది. వేగం పెరిగేసరికి లెక్క తారుమారై, స్వాన్ తేలికగా నడిచింది. అన్ని వేగాలకూ ఉత్తమమైన ఆకారం ఒకటున్నదనే నమ్మకం దీనితో చెదిరిపోయింది.

ఇంతకన్న విలువైన సంగతి మరొకటి ఆయన గమనించాడు. పడవ నడుస్తుంటే ముక్కు దగ్గర, వెనుక అలలు లేస్తాయి. మూడడుగుల పడవ లేపే అలలకూ, పన్నెండడుగుల పడవ లేపే అలలకూ పోలిక ఎప్పుడు కుదురుతుంది? రెండూ ఒకే వేగంతో పోతే కుదరదు. పొడవు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లు కావాలి. అప్పుడు చిన్న పడవ అలల చిత్రాన్ని నాలుగింతలు పెంచితే పెద్ద పడవ అలల చిత్రమవుతుంది. అంటే వేగాలు పొడవుల వర్గమూలాల నిష్పత్తిలో ఉండాలి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రీష్ ఈ నియమాన్ని 1852లోనే ప్రకటించాడు గాని ప్రయోగాలతో ఓడలకు పట్టించలేదు. అంతకుముందు నమూనాలను లాగినవారు వేగం ఎంచుకోవటంలో ఈ సంగతి ఎరుగరు. పొంతన కుదరకపోవటానికి ఇదొక కారణం.

రెండవ కారణం ఘర్షణ. ఓడను నీరు రెండు విధాల అడ్డుకుంటుంది. ఓడ చర్మాన్ని రాసుకుంటూ పోయే నీటి ఘర్షణ ఒకటి. అలలు లేపటంలో ఖర్చయ్యే శక్తి మరొకటి. అలల భాగం పైనియమానికి లోబడుతుంది, ఘర్షణ లోబడదు. కనుక రెంటినీ విడదీయాలన్నాడు ఫ్రూడ్. ఘర్షణను వేరుగా కొలవటానికి పలుచని కొయ్యపలకలను నిలువుగా నీటిలో లాగించాడు. వాటిలో పొడవైనవి 50 అడుగులదాక ఉన్నాయి. కొన్నింటికి వర్నీషు పూశాడు, కొన్నింటికి తగరపురేకు, నూలుగుడ్డ అంటించాడు, కొన్నింటిమీద ఇసుక అద్దాడు. పలక పొడవు పెరిగినకొద్దీ చదరపు అడుగుకు పడే ఘర్షణ తగ్గుతున్నట్లు తేలింది. పలక ముందుభాగం తన వెంట లాక్కొచ్చిన నీరే వెనుకభాగాన్ని తాకుతుంది గనుక అక్కడ రాపిడి తక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేటపడుతుంది. 100 మీటర్ల ఓడకు 4 మీటర్ల నమూనా చేశారనుకుందాం. పొడవుల నిష్పత్తి 25, దాని వర్గమూలం 5. ఓడ సెకండుకు 10 మీటర్ల వేగంతో పోవాలంటే నమూనాను సెకండుకు 2 మీటర్ల వేగంతో లాగాలి. అప్పుడు లాగుడు 3 కిలోల బరువుకు సమానంగా ఉన్నదనుకుందాం. పలకల ప్రయోగాలను బట్టి అందులో ఘర్షణ 2 కిలోలని లెక్కతేలితే, మిగిలిన 1 కిలో అలలకు చెందినది. దానిని 25 యొక్క ఘనంతో, అంటే 15,625తో హెచ్చించాలి. ఓడ అలలు లేపటానికి 15,625 కిలోల బలం కావాలి. ఓడ ఘర్షణను పలకల లెక్కతో విడిగా కట్టి దీనికి కలపాలి. ఈ విభజన చేయక మూడు కిలోలను ఒక్కసారే 15,625తో హెచ్చించినవాడికి ఘర్షణ పాలు అసలుకన్న ఎంతో ఎక్కువగా వస్తుంది. అవసరంలేని పెద్ద యంత్రం ఓడలో పెడతాడు.

ఇప్పుడు ఇంత తేలికగా కనిపించే ఈ మాటను నమ్మించటం ఆనాడు తేలిక కాలేదు. నౌకల ప్రయాణగుణాలను విచారించిన బ్రిటిష్ అసోసియేషన్ సంఘం అసలు ఓడలనే లాగి చూడాలని సిఫారసు చేసింది. అందులో సభ్యుడైన ఫ్రూడ్ ఒక్కడే భిన్నాభిప్రాయం వ్రాశాడు. గ్రేట్ ఈస్టర్న్‌ను కట్టిన స్కాట్ రసెల్ వంటి పెద్దలు చిన్న ప్రయోగాలు చూడ ముచ్చటగా ఉంటాయే గాని పెద్ద ఓడలకు పనికిరావన్నారు. అయినా నౌకాదళ ప్రధాన నిర్మాణాధికారి ఎడ్వర్డ్ రీడ్ ఫ్రూడ్ పక్షాన నిలిచాడు. 1870 ఫిబ్రవరిలో ప్రభుత్వం 2,000 పౌన్లు మంజూరు చేసింది. ఫ్రూడ్ జీతం తీసుకోలేదు. టార్కీ పట్టణంలో తన ఇంటి పక్కనే 278 అడుగుల పొడవైన నీటితొట్టి కట్టించాడు. ఫ్రాంక్లిన్ తొట్టికి అది ఇరవై రెట్లు దాదాపు.

తొట్టి పని ఇంకా పూర్తికాకముందే, ఓడల గుణాన్ని ముందుగా కొలవకపోతే ఏమవుతుందో లోకానికి తెలిసింది. 'కెప్టెన్' అనే యుద్ధనౌకను కౌపర్ కోల్స్ అనే నౌకాదళాధికారి తలపెట్టిన పద్ధతిలో కట్టారు. తిరిగే ఫిరంగి గోపురాలు, తెరచాపల బరువైన స్తంభాలు ఉన్న ఆ ఓడ, నిర్మాణంలో బరువు పెరిగినందువల్ల అనుకున్నదానికన్న ఎక్కువగా నీటిలో మునిగింది. రీడ్ ముందే హెచ్చరించాడు. ఓడ ఎంత ఒరిగితే ప్రమాదమో తేల్చే లెక్కలు 1870 వేసవిలో కట్టారు. 21 డిగ్రీలు ఒరిగేసరికే తిరిగి నిలబడే బలం గరిష్ఠానికి చేరి ఆపైన తగ్గిపోతుందని అవి చెప్పాయి. అదే కాలపు 'మోనార్క్' నౌకకు ఆ హద్దు 40 డిగ్రీలు. కాని ఆ లెక్కలు పూర్తయ్యేసరికి ఓడ సముద్రంలో ఉన్నది. 1870 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారకముందే, స్పెయిన్ తీరాన ఫినిస్టెర్ అగ్రం దగ్గర గాలివానలో అది బోర్లపడింది. సుమారు 480 మంది మరణించారు. కోల్స్ కూడ వారిలో ఒకడు. బతికి బయటపడినవారు 18 మంది.

ఆ తరువాత యుద్ధనౌకల నమూనాలను పరిశీలించటానికి నియమించిన సంఘంలో ఫ్రూడ్‌ను చేర్చారు. స్తంభాలు, తెరచాపలు లేని కొత్త నౌక 'డివాస్టేషన్' మీద జనానికి కలిగిన భయం తీర్చటానికి, ఆయన దాని నమూనాను నీటిలో వదలి ఎట్లా ఊగుతుందో చూశాడు. ఇక వేగానికి సంబంధించిన అసలు పరీక్షకు 1871లో 'గ్రేహౌండ్' అనే 172 అడుగుల నౌకను ఎంచుకున్నారు. 'ఆక్టివ్' అనే మరొక నౌక దానిని లాగింది. ముందుపోయే ఓడ రేపిన నీరు తగలకుండా గ్రేహౌండ్‌ను పక్కకు తప్పించి, పక్కకు చాచిన పొడవైన దూలంనుంచి మోకు కట్టారు. మోకుమీద పడే బలాన్ని పరికరం నమోదుచేసింది. 1872 మార్చిలో టార్కీ తొట్టిలో మొదట నడిపించినది గ్రేహౌండ్ నమూనానే. ఓడ అడుగున పాతబడి గరుకెక్కిన రాగిరేకు ఘర్షణను లెక్కలోకి తీసుకొని చూస్తే, నమూనానుంచి వచ్చిన అంకెలూ ఓడనుంచి వచ్చిన అంకెలూ సరిపోయాయి. ఫ్రూడ్ 1874లో ఈ ఫలితాలను ప్రకటించాడు. 1879లో దక్షిణాఫ్రికాలోని సైమన్స్ టౌనులో ఆయన మరణించాడు.

ఫ్రూడ్ తొట్టిలో నమూనాలు కొయ్యవి కావు, గట్టి మైనానివి. పారఫిన్ మైనాన్ని కరగించి మట్టి అచ్చులో పోసి, యంత్రంతో నీటిగీతల వెంబడి గాట్లు పెట్టి, గాట్ల నడుమ మిగిలిన గట్లను చేతితో గీకి నునుపు చేసేవారు. మైనం నీరు పీల్చదు, పని కాగానే కరగించి మళ్లీ వాడుకోవచ్చును. ఇంగ్లండు చలికి అది సరిపోయింది. అమెరికా నౌకాదళానికి డేవిడ్ టేలర్ వాషింగ్టనులో 1890ల చివర తొట్టి కట్టించినప్పుడు, ఆ ఊరి ఎండాకాలానికి మైనం మెత్తబడి ఆకారం చెడుతుందని కొయ్యనే ఎంచుకున్నాడు. ఆయన నమూనాలు మామూలుగా 20 అడుగుల పొడవుండేవి.

అటువంటి నమూనా చేయటంలో పాత వడ్రంగి పద్ధతే కనిపిస్తుంది. పలకలను నీటిగీతల ఆకారంలో కోసి, నడుమ డొల్లగా ఉండేటట్లు ఒకదానిపై ఒకటి అంటిస్తారు. బంక ఆరేదాక బిగింపు వదలరు. పలకల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఆ మెట్లను ఉలితో, చిత్రికతో తీసివేస్తే ఓడ వంపు బయటపడుతుంది. అట్టముక్కను వంపుకు తగ్గట్టు కత్తిరించి, అక్కడక్కడా ఆనించి, సందులో వెలుతురు కనబడకుండా సరిచూస్తారు. చివరకు వర్నీషు పూస్తారు. లేకపోతే కొయ్య నీరు పీల్చి బరువెక్కుతుంది, ఆకారం కూడ మారుతుంది. చిన్న పడవ చేసే విద్యార్థికి కూడ ఈ వరుసే వర్తిస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొనికి కర్ర తేలికైనది, ఉలికి సులభంగా లొంగుతుంది. వర్నీషు విషయంలో మాత్రం అశ్రద్ధ చేయరాదు. ఎడమపక్క కుడిపక్కకన్న ఏమాత్రం బొద్దుగా ఉన్నా పడవ దారం వెంట తిన్నగా పోదు, తొట్టి గోడకు రాసుకుంటుంది.

టేలర్ కొయ్య ఓడలవల్ల తేలిన ఫలితాలలో ఒకటి నేటికీ పెద్ద ఓడల ముక్కున కనిపిస్తుంది. నీటిమట్టానికి దిగువన ముక్కును ఉబ్బెత్తుగా చేస్తే అలలు లేపటంలో పోయే శక్తి తగ్గుతుందని ఆయన ప్రయోగాలు చూపాయి. 1910లో సేవలో చేరిన 'డెలవేర్' యుద్ధనౌకకు అట్లాంటి ముక్కు పెట్టారు.

మరొక ఫలితం న్యాయస్థానం దాకా పోయింది. 1911 సెప్టెంబరు 20న ఇంగ్లండు దక్షిణ తీరంలో 'ఒలింపిక్' అనే మహానౌక పక్కగా పోతున్న 'హాక్' యుద్ధనౌక ఉన్నట్టుండి తిరిగి దానిని ఢీకొన్నది. ప్రాణనష్టం జరగలేదు. తప్పెవరిదని వ్యాజ్యం నడిచింది. పెద్ద ఓడ పక్కన నీరు ఇరుకైన సందులో వేగంగా పోతూ చిన్న ఓడను తనవైపు లాగిందని నౌకాదళంవారు వాదించారు. ఒకదాని పక్కన ఒకటి నడిచే నమూనాలమీద ఈ లాగుడును అంతకుముందే కొలిచిన టేలర్ లండను వచ్చి సాక్ష్యమిచ్చాడు. న్యాయస్థానం ఒలింపిక్‌దే తప్పని తీర్పు చెప్పింది. ఇరుకు సందులో వేగంగా పోయే నీరు ఫ్రాంక్లిన్ తన తొట్టిలో చూసినదే.

ఇప్పుడు ఓడ చుట్టూ నీటి గమనాన్ని కంప్యూటరుతో లెక్కకట్టవచ్చును. నమూనాను కూడ కంప్యూటరు నడిపే యంత్రమే చాలవరకు కోసిపెడుతుంది. అయినా తొట్టెలు మూతపడలేదు. విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకాశాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో సుమారు అర కిలోమీటరు పొడవైన తొట్టి ఉన్నది. పట్టాలమీద నడిచే బండి నమూనాను నీటిలో లాగుతుంది, పరికరాలు లాగుడును నమోదు చేస్తాయి. బండి వేగాన్ని ఇప్పటికీ పొడవుల వర్గమూలాన్ని బట్టే నిర్ణయిస్తారు.